మీకు తెలుసా? ఇంకొక్కసారి... ఇంకొక్కటే!

ఈసారి పోగేసినవన్నీ మోజు ముచ్చట్లే. తినాలని, తాగాలని, ఆడాలని, చూడాలని మనసు పెట్టే పోరు గురించి. వీటిని వరసగా చదువుతుంటే ఒక సంగతి మాటిమాటికీ తగులుతుంది. ఒకటి మనకు నచ్చడం వేరు, అది లేకపోతే కుదురుగా కూర్చోలేకపోవడం వేరు. మొదటిది తగ్గిపోయాక కూడా రెండోది పెరుగుతూ పోగలదు. దాని మీద దుకాణం పెట్టుకున్నవాళ్లు కౌటిల్యుడి కాలం నుంచీ ఉన్నారు.

గురి తప్పిన తీగ

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుక మెదడులోకి సన్నటి తీగ దించారు. వాళ్లు అనుకున్నది ఒకచోట, తీగ దిగింది ఇంకోచోట. ఆ సంగతి అప్పటికి వాళ్లకు తెలియదు. ఎలుకను బల్ల మీద వదిలి, అది ఒక మూలకు వెళ్లినప్పుడల్లా చిన్నగా కరెంటు పంపారు. బెదిరి పారిపోతుందనుకుంటే, అది పదేపదే ఆ మూలకే వచ్చి నిలబడింది.

దాంతో పెట్టెలో ఒక మీట పెట్టి, నొక్కితే కరెంటు వచ్చేలా అమర్చి, ఆ పనిని ఎలుకలకే అప్పగించారు. గంటకు వందల సార్లు, తర్వాతి ప్రయోగాల్లో వేల సార్లు నొక్కాయి. ఆకలితో ఉన్నా తిండి వైపు చూడకుండా మీట దగ్గరే ఉండిపోయినవీ ఉన్నాయి. 1954లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మెదడులో 'ఆనంద కేంద్రం' దొరికిందని పత్రికలు మోత మోగించాయి. అది అంత ఆనందం కాదేమోనన్న అనుమానం గట్టిపడటానికి మరో ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

మూతి నాకడం మానలేదు

ఆ అనుమానాన్ని గట్టిపరిచినవాళ్లలో ముఖ్యుడు మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్. తీపి తగిలితే పసిపిల్లలు పెదాలు చప్పరించినట్టే ఎలుకలూ మూతి నాక్కుంటాయి. చేదు తగిలితే నోరు తెరిచి తల విదిలిస్తాయి. వాటి ముఖం చూసి రుచి నచ్చిందో లేదో చెప్పొచ్చు. సుఖానికి మూలమని అందరూ నమ్మిన డోపమైన్‌ను మెదడులో దాదాపు లేకుండా చేసేస్తే ఏమవుతుందో చూశాడాయన.

ఆ ఎలుకలు తిండి కోసం కదల్లేదు. పక్కనే మేత ఉన్నా ముట్టలేదు. అలా వదిలేస్తే ఆకలికి చచ్చిపోయేవే. కానీ నోట్లో తీపి నీళ్లు వేస్తే మాత్రం ఎప్పట్లాగే మూతి నాక్కున్నాయి. రుచి తెలుస్తోంది, నచ్చుతోంది కూడా, కావాలన్న తపన మాత్రం పోయింది. అంటే డోపమైన్ చేసేది సుఖపెట్టడం కాదు, పరుగు పెట్టించడం. సోషల్ మీడియా డాక్టర్లు ఇప్పటికీ దాన్ని 'హ్యాపీ హార్మోన్' అంటూనే ఉన్నారు, అది వేరే కథ.

దూలగొండి ఇచ్చిన మందు

ఒంటికి తగిలితే దురదతో గంతులేయించే దూలగొండి కాయ పల్లెటూరి వాళ్లందరికీ తెలుసు. దాని గింజల్లో ఎల్-డోపా ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక ఇదే డోపమైన్‌గా మారుతుంది. ఆ గింజల నుంచి దీన్ని వేరుచేసినట్టు మద్రాసు శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి 1937లోనే ప్రకటించారు. చేతులు వణికి, కాళ్లు బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బుకు ఎల్-డోపా దివ్యౌషధమని తేలింది 1960ల్లో.

అసలు విశేషం ఆ తర్వాతిది. ఈ జబ్బుకే, డోపమైన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వచ్చాయి. అవి వాడుతున్న కొందరు పెద్దమనుషులు ఉన్నట్టుండి జూదానికి ఎగబడ్డారు. జన్మలో పేక ముట్టనివాళ్లు క్యాసినోల్లో తేలారు. ఇంకొందరికి షాపింగ్ పిచ్చి, కొందరికి తిండి యావ, కొందరికి కామం. 3,090 మంది రోగులను పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనంలో 13.6 శాతం మందిలో ఇలాంటి అదుపులేని తహతహ కనిపించింది. మందు తగ్గిస్తే చాలామందిలో ఆ పిచ్చీ తగ్గింది. నిగ్రహం అంతా సంస్కారంలోనే ఉంటుందని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ మందు చీటీ ఒకసారి చూస్తే బాగుండు.

తానికాయల జూదం

త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయ, తానికాయ కలుస్తాయి కదా. ఆ తానికాయలే వేదకాలపు పాచికలు. గవ్వలూ కాదు, చుక్కలు చెక్కిన ఎముకలూ కాదు, చెట్టు కింద రాలిన కాయలు. గుప్పెడు తీసి లెక్కపెడితే నాలుగేసి చొప్పున సరిగ్గా సరిపోవాలి. మిగలకపోతే 'కృతం', గెలుపు. ఒక్కటి మిగిలితే 'కలి', అంతా పోయినట్టే.

రుగ్వేదం పదో మండలంలోని 34వ సూక్తం నిండా ఈ కాయల చేతిలో చిక్కినవాడి గోడే. అత్తగారు అసహ్యించుకుంటుంది, భార్య ఇంట్లోంచి పొమ్మంటుంది, అప్పులవాళ్లకు భయపడి రాత్రిపూట తిరుగుతుంటాడు. ఇక ఆడనని గట్టిగా అనుకుంటాడు. అంతలో పాచికలు దొర్లిన చప్పుడు వినబడితే కాళ్లు అటే పోతాయి. ఇప్పుడు డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్ ముందు కూర్చున్నవాడు చెప్పేదీ ఇదే వరస. 'పోయి వ్యవసాయం చేసుకోరా' అన్న సలహా కూడా ఆ సూక్తంలోనే ఉంది.

నలుడి కథలోనూ ఈ చెట్టే ఉంది. జూదంలో రాజ్యం పోగొట్టుకుని బాహుకుడనే పేరుతో రుతుపర్ణుడనే రాజుకు సారథ్యం చేస్తుంటాడు నలుడు. దారిలో ఒక తాని చెట్టు కనబడితే, దానికి ఆకులెన్నో కాయలెన్నో రథంలోంచే చెప్పేస్తాడు రుతుపర్ణుడు. నలుడు ఊరుకోడు. రథం ఆపి, చెట్టు కొట్టి, లెక్కపెట్టి చూస్తాడు, సరిపోతుంది! అప్పుడు తన అశ్వవిద్య ఇచ్చి ఆ అక్షవిద్య, అంటే పాచికల లెక్క, పుచ్చుకుంటాడు. లెక్క తెలిసిన మరుక్షణం, అన్నాళ్లూ పట్టి పీడించిన కలి పురుషుడు నలుణ్ని వదిలి ఆ తాని చెట్టులోకే దూరతాడు. జూదం వదిలించేది శాపమో వరమో కాదు, లెక్క తెలియడం అని చెప్పిన కథ మన పురాణాల్లో ఇదొక్కటే అనుకుంటాను.

స్వామివారి పాచికలు

ఆట అంటే దేవుడికీ సరదాయే. హాథీరాం బావాజీతో తిరుమల వేంకటేశ్వరుడు రాత్రిళ్లు పాచికలాడేవాడని కథ. ఓ రాత్రి స్వామి తన కంఠహారం మరిచి వెళ్లడంతో దొంగతనం బావాజీ మీద పడింది. నీ మాట నిజమైతే బండెడు చెరకు తెల్లారేలోగా తినమని ఆయన్ను గదిలో పెట్టి తాళం వేశారు. రాత్రి ఏనుగు వచ్చి మొత్తం తినేసింది. 'హాథీ' అన్న పేరు అందుకే. ఆ బావాజీ పేర వెలసిన మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన చూశారు.

నూటికి ఐదు, నూటికి ఇరవై ఎనిమిది

జూదాన్ని నిషేధించాలా, పన్ను వేసుకోవాలా? కౌటిల్యుడు తడుముకోలేదు. అర్థశాస్త్రంలో జూదానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉంటాడు, ద్యూతాధ్యక్షుడు. ఆట సర్కారు చూపించిన చోటే ఆడాలి. ఇంకెక్కడైనా ఆడితే 12 పణాలు జరిమానా. పాచికలు, గవ్వలు సర్కారువే, వాటికి అద్దె కట్టాలి. కూర్చున్న జాగాకు, తాగిన నీళ్లకు కూడా రుసుము. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు రాజుకు. అందరినీ ఒకచోట ఆడిస్తే దొంగచాటు బతుకులవాళ్లెవరో కూడా తెలుస్తుందని ఆయన లెక్క. ఖజానా, నిఘా రెండూ ఒకే చాప మీద.

2023 అక్టోబరు 1 నుంచి మన ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 28 శాతం జీఎస్టీ వేసింది. అదీ గెలిచినదాని మీద కాదు, ఆటగాడు జమచేసిన సొమ్ము మీద. దాని పక్కన పెట్టి చూస్తే కౌటిల్యుడు దయామయుడే.

సికింద్రాబాద్ క్లబ్బు, సుప్రీంకోర్టు

పేకాటలో రమ్మీ నేర్పుతో ఆడేదా, అదృష్టం మీద ఆడేదా? ఈ ప్రశ్న మీద దేశమంతా ఉదహరించే తీర్పు మన ఊరి క్లబ్బుదే. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడిచేశారు. కేసు అంచెలంచెలుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1967లో కోర్టు తేల్చింది: మూడుముక్కలాట పూర్తిగా అదృష్టం, రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పే.

ఆ ఒక్క మాట పట్టుకుని యాభై ఏళ్ల తర్వాత రమ్మీ యాప్‌లు కోట్లు గడించాయి. గుమ్మం దాటకుండా, భార్యకు తెలియకుండా, అర్ధరాత్రి దుప్పటి కింద ఆడే ఆట గురించి ఆ న్యాయమూర్తులు ఊహించి ఉండరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి చట్టం చేసింది. అందులో నేర్పూ అదృష్టం తేడా లేదు, డబ్బు పెట్టి ఆడించడమే నేరం.

కొద్దిలో తప్పింది

స్లాట్ మెషీన్‌లో మూడు గడుల్లో ఒకే బొమ్మ పడితే గెలుపు. రెండు పడి, మూడోది గీత పక్కనే ఆగిందనుకోండి. అదీ ఓటమే, మిగతా ఓటములకూ దానికీ పైసా తేడా లేదు. కేంబ్రిడ్జ్‌లో ల్యూక్ క్లార్క్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఆడేవాళ్లు ఇలాంటి ఓటమే ఎక్కువ బాధగా ఉందన్నారు. అదే నోటితో, ఇంకోసారి ఆడాలని ఎక్కువగా అనిపించేదీ అప్పుడేనన్నారు. మెదడు స్కాన్‌లో గెలిచినప్పుడు వెలిగే చోట్లు కొన్ని ఈ 'కొద్దిలో తప్పిన' ఓటమికీ వెలిగాయి. బాధ పెరిగింది, కోరికా పెరిగింది. తెలుగింట్లో దీనికి ఉదాహరణ కావాలంటే గ్రూప్స్ పరీక్షలో రెండు మార్కుల్లో పోయినవాణ్ని అడగండి, పది మార్కుల్లో పోయినవాడు ఈపాటికి వేరే ఉద్యోగం చూసుకునుంటాడు.

కిందికి లాగి వదిలితే

ఫోన్ తెర మీద వేలు పెట్టి కిందికి లాగి వదిలితే చిన్న చక్రం తిరిగి కొత్తవి వస్తాయి. ఆ పద్ధతిని 'ట్వీటీ' అనే యాప్ కోసం తయారుచేసింది లోరెన్ బ్రిక్టర్. ఎంత జరిపినా పేజీ అడుగు తగలకుండా చేసింది అజా రాస్కిన్, 2006లో. ఫేస్‌బుక్ లైక్ బటన్ వచ్చింది 2009 ఫిబ్రవరిలో. వీటిలో దేనికీ కొత్త మనస్తత్వ శాస్త్రం అక్కర్లేకపోయింది.

పావురం మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిపోగానే కాసేపటికి అదీ నొక్కడం మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఒకసారి మూడు నొక్కులకు, ఒకసారి ముప్పై నొక్కులకు పడితే మాత్రం ముక్కు అరిగేదాకా నొక్కుతుంది. బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ కలిసి 1957లో ఒక లావుపాటి పుస్తకం నిండా చెప్పిందిదే. వాట్సాప్‌లో ఎప్పుడూ మంచి కబురే వస్తే ఇన్నిసార్లు తెరవం. నూటికి తొంభై 'గుడ్ మార్నింగ్' గులాబీలే కాబట్టి తెరుస్తున్నాం. తాను చేసిన పనికి విచారిస్తున్నానని తర్వాత రాస్కిన్ బాహాటంగానే అన్నాడు. వేలు మాత్రం ఆగలేదు.

బరిలో దిగేది కోడి ఒక్కటే కాదు

సంక్రాంతికి ముందు గోదావరి జిల్లాల్లో కొన్ని ఇళ్లలో మనుషుల తిండి కన్నా కోడి తిండి ఖరీదు. బాదం, జీడిపప్పు, గుడ్డు, మటన్ కైమా. పొద్దున ఈత, ఆ తర్వాత వేణ్ణీళ్ల స్నానం, ఒళ్లు పట్టడం. ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని జాతులు. ఏ వారం, ఏ వేళ, ఏ రంగు కోడిని ఏ దిక్కు నుంచి వదిలితే గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం చేతిలో ఉండాల్సిందే. ఇంత చేసి, కాలికి కత్తి కట్టి వదిలాక పందెం తేలేది తరచూ నిమిషాల్లోనే.

ఇందులో సుఖమెక్కడుంది? ఇదే ప్రశ్న అమెరికా మానవ శాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్‌కూ వచ్చింది, బాలి దీవిలో. 1958లో ఆయన, భార్య అక్కడొక పల్లెలో దిగారు. ఊళ్లో ఎవరూ పలకరించలేదు, అసలు మనుషులున్నట్టే చూడలేదు. ఒకరోజు కోడిపందెం మీద పోలీసులు పడ్డారు. దంపతులిద్దరూ అధికారులకు కాగితాలు చూపించి దర్జాగా నిలబడకుండా జనంతోపాటు పరుగందుకున్నారు. మర్నాటి నుంచి ఊరంతా చుట్టాలే.

1972లో రాసిన వ్యాసంలో ఆయన తేల్చింది ఇది: పెద్ద పందేల్లో డబ్బు ఒక సాకు మాత్రమే. బరిలో దిగేది కుటుంబం పరువు, ఊరి పరువు, వర్గం పరువు. మనకిది బాలి నుంచి ఎవరో వచ్చి చెప్పాల్సిన పనిలేదు. పల్నాటి కథలో కోడిపందెం ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు వలస పోవలసి వచ్చింది, ఆ వైరం కారంపూడి యుద్ధం దాకా నడిచింది. జంతు హింస నిరోధక చట్టం 1960లో వచ్చినా, గేమింగ్ చట్టం 1974లో వచ్చినా బరులు ఆగనిది అందుకే. పరువుకు జరిమానా వేయడం కష్టం.

కుక్క తినని కారం

మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో వచ్చింది. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో ఘాటుకు తుమ్మకుండా పది అడుగులు వేయలేం. నిజానికి కారం రుచే కాదు, నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల మీద వేడి తెలిపే తలుపునే తడుతుంది, దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకునే తలుపు అది. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. నోరు మండిందని మనం ఊరికే అనడం లేదన్నమాట.

పక్షులకు ఈ తలుపు మిరపకు తెరుచుకోదు. పండుమిరపను పిట్ట హాయిగా తింటుంది, గింజలు నలగకుండా ఎక్కడో రాలుస్తుంది. గింజను నమిలి పాడుచేసే జంతువులను తరమడానికే మొక్క కారం పెట్టుకుందని శాస్త్రజ్ఞుల మాట. మనిషి మాత్రం తరిమినకొద్దీ మీదికే వచ్చాడు. పాల్ రోజిన్ అనే మనస్తత్వవేత్త మెక్సికో పల్లెలో రోజూ కారం మిగుళ్లే తిని బతికే కుక్కలు, పందుల ముందు కారంది ఒకటి, చప్పటిది ఒకటి పెట్టి చూశాడు. చప్పటిదే ముందు తిన్నాయి. అదే ఊళ్లో పిల్లలు మాత్రం ఐదారేళ్లు వచ్చేసరికి కారం అడిగి వేయించుకుంటున్నారు. ప్రమాదం లేదని తెలిసిన బాధను మనిషి ఆటగా చేసుకుంటాడని ఆయన వాదన. కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఆవకాయ ముద్ద మీద ముద్ద కలిపేవాళ్లకు ఈ సిద్ధాంతం వేరే చెప్పక్కర్లేదు. దయ్యాల సినిమాకు టికెట్టు కొనేదీ దీనికే.

నిప్పు లోపల, పీక బయట

శ్రీకాకుళం, విశాఖ తీరంలో ముసలమ్మలు చుట్ట తాగే తీరు చూసినవాళ్లు మరిచిపోరు. వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. నిప్పు లోపల, చల్లటి కొస బయట. అలాగే వంట చేస్తారు, చంటిదాన్ని ఆడిస్తారు, మాట్లాడతారు కూడా. దీన్ని అడ్డపొగ అంటారు. నిప్పు గాలికి ఆరదు, నీటి తుంపరకు తడవదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, పొగ తాగుతున్నట్టు మగవాళ్ల కళ్లపడదు. తాగేది ఎక్కువగా ఆడవాళ్లే.

డెన్మార్క్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్, మన ఫాలీ మెహతా తదితరులు ఈ ప్రాంతంలో 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. ప్రపంచంలో మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎందుకు కనిపిస్తోందో దాంతో స్పష్టమైంది. నోటి క్యాన్సర్ పాఠ్యపుస్తకాల్లో మన ఉత్తరాంధ్ర పేరు నిలిచిపోయింది, ఇలా.

పాయసానికి చోటు

పీకలదాకా తిన్నాక కూడా పాయసం వస్తే చేయి చాస్తాం. ఇది తిండిపోతుతనం కాదు. ఒకే రుచి తింటున్నకొద్దీ ఆ రుచి మీదే మోజు తగ్గుతుంది, తినని రుచి మీద తగ్గదు. బార్బరా రోల్స్ బృందం 1981లో ఆక్స్‌ఫర్డ్‌లో దీన్ని ప్రయోగంతో చూపించింది. పప్పు, పులుసు, చారు, పెరుగు అంటూ మన విస్తరి మలుపు మలుపుకూ రుచి మార్చడంలో ఈ కిటుకే ఉంది. బఫేలో నలభై రకాలు పెట్టేవాడికీ తెలుసు.

బలపం తినే పిల్ల

బలపాలు కొరికే పిల్లలను, పచ్చి బియ్యం నమిలే గర్భిణులను, గోడ సున్నం గోకేవాళ్లను చూసే ఉంటారు. బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని బెదిరించడం తప్ప పెద్దవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఐస్ ముక్కలు రోజంతా నమిలేవాళ్లూ ఈ బాపతే. వైద్యులు దీన్ని పైకా అంటారు. చాలామందిలో దీనికీ రక్తంలో ఇనుము తక్కువవడానికీ లంకె ఉంది. ఐస్ యావ ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన కొద్దిరోజులకే మాయమైన కేసులు వైద్య పత్రికల్లో బోలెడు. మాయమైపోయే దాకా అది జబ్బని వాళ్లకూ తెలియదు. తిట్టడం ఆపి ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి.

నమ్మకం ఉంటేనే నిగ్రహం

మిఠాయి ముందు పెట్టి, 'నేనొచ్చేదాకా తినకపోతే రెండిస్తా' అని పిల్లలను పరీక్షించిన వాల్టర్ మిషెల్ కథ పేరెంటింగ్ క్లాసుల్లో అరిగిపోయింది. ఆగినవాళ్లు జీవితంలో పైకొస్తారని దాని సారం అన్నారు. 2018లో 900 మందికి పైగా పిల్లల మీద మళ్లీ చూసి, ఇంటి ఆర్థిక స్థితి, తల్లి చదువు లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది.

అంతకుముందే, 2013లో, రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ ఇంకో మెలిక పెట్టింది. కొందరు పిల్లలకు ముందుగా రంగు పెన్సిళ్లు తెస్తానని చెప్పి, ఉత్త చేతులతో వచ్చి, లేవన్నారు. మాట తప్పినవాడి మిఠాయి దగ్గర ఆ పిల్లలు సగటున మూడు నిమిషాలే ఆగారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పన్నెండు నిమిషాలు. అప్పుడు ఆగనివాడిది బలహీనత అనాలా, తెలివి అనాలా?

కృష్ణుడి ఇంటి ముందు బస్సులు

తెర మీది మనిషి మనవాడే అనిపించే బంధానికి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. మరుసటి ఏడాదే ఎన్టీఆర్ కృష్ణుడిగా 'మాయాబజార్' వచ్చింది. తిరుపతి యాత్రకెళ్లిన బస్సులు అట్నుంచటే మద్రాసు పోయి, ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగి దర్శనం చేసుకుని వచ్చేవి. వాళ్లెవరూ ఆ పరిశోధన పత్రం చదవలేదు.

సారా పొట్లాలు, సారా పోరు

ఆ ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాక ఆయన ప్రభుత్వమే 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సారాను పొట్లాల్లో పల్లెలకు చేరవేసింది. మంచినీళ్ల కోసం మైలు నడవాల్సిన ఊళ్లోనూ సారా గుమ్మం ముందు దొరికేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 'ఆడవాళ్లు ఏకమైతే' అని ఆ కథే అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. అది చదివిన ఊరల్లా దుకాణం మీదికి నడిచింది. సారా వేలంపాటలు సాగనివ్వలేదు.

1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 చివర్లో మళ్లీ గద్దెనెక్కిన ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. పొట్లం పంచిన చెయ్యే సీసా లాక్కుంది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది, ప్రధాన కారణం ఖజానా. తాగుడు మానలేనిది మొగుళ్లు మాత్రమే అనుకుంటాం.

ఊరివాళ్లకు ప్రవేశం లేదు

1913 ఆగస్టు 18న మోంటెకార్లో క్యాసినోలో రూలెట్ చక్రం మీద గోళీ వరసగా 26 సార్లు నల్ల గడిలోనే పడిందని చెబుతారు. పదిహేనోసారి దాటాక జనం ఎరుపు మీద విరుచుకుపడ్డారు. ఇన్నిసార్లు నలుపు పడింది కదా, ఇక ఎరుపు పడక చస్తుందా అని. గోళీకి వెనకటి లెక్క గుర్తుండదు. బోలెడు డబ్బు పోయింది. వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు కాబట్టి నాలుగోసారి మగపిల్లాడే అనేవాళ్లదీ ఇదే లెక్క.

ఆ క్యాసినో ఉన్న మొనాకోలో 1869లో పౌరుల మీద ప్రత్యక్ష పన్నులు ఎత్తేశారు, ఆదాయం అంత బాగుంది మరి. కానీ సొంత పౌరులు ఆ క్యాసినోలో ఆడటానికి మాత్రం వీల్లేదు. సింగపూర్ 2010లో క్యాసినోలు తెరుస్తూ ఇంత కఠినంగా పోలేదు. తన పౌరులు, శాశ్వత నివాసులు లోపలికి అడుగుపెట్టాలంటే 24 గంటలకు వంద సింగపూర్ డాలర్లు గేటు దగ్గరే కట్టమంది. 2019 ఏప్రిల్‌లో దాన్ని 150 చేసింది. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో టూర్ ప్యాకేజీలో వెళ్లినవాళ్లు మాత్రం పాస్‌పోర్టు చూపిస్తే చాలు, ప్రవేశం ఉచితం.